వంటింటి సందేహాలు: రాత్రంతా నిమ్మరసంలో ఊరిన కోడి

ప్రశ్న: మా అబ్బాయి మయామీలో ఉంటాడు. అక్కడ క్యూబా వాళ్ల హోటల్లో నారింజరసం, వెల్లుల్లి పట్టించి నిప్పుల మీద కాల్చిన కోడి తిన్నానని ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. కనుమకి వస్తున్నాడు కదా, చేసిపెడదామని ముందే ఓసారి చేసి చూశాను. కిలో చికెన్‌కి ఆరు నిమ్మకాయలు, రెండు చీనీకాయలు (బత్తాయిలు) పిండి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీస్తే ముక్కలు ఉడికినట్టు తెల్లగా అయిపోయాయి. కాల్చాక పైన పిండిపిండిగా, లోపల పీచుగా, పైగా చేదు. మా ఆయన ఒక ముక్క తిని పప్పు వేసుకున్నారు. ఎక్కడ చెడింది?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆరు నిమ్మకాయలు ఎక్కువే, కానీ అసలు చెడగొట్టింది ఆ రాత్రంతా ఉంచడం. మనకు మాంసం అంటే పెరుగులో నానబెట్టడం అలవాటు, పెరుగు సాత్వికం, పొద్దుటిదాకా ఉంచినా కోడిని పెద్దగా ఏమీ అనదు. నిమ్మరసం అలా ఊరుకోదు, పొయ్యి వెలిగించకముందే మాంసం పైపొరని ఉడికించినంత పని చేస్తుంది. మీరు చూసిన తెల్లదనం అదే. అలాగని ఎక్కువసేపు ఉంచితే రసం లోపలిదాకా దిగుతుందా అంటే అదీ లేదు, నిదానంగా లోపలికి పోయేది ఉప్పే, పులుపు పైపైనే ఉండి పైపొరనే పాడు చేస్తుంది.

చేదు సంగతి చీనీకాయని అడగాలి. రసం తీసి గ్లాసులో పోసి, ఎవరో వచ్చారని వెళ్లి గంటా రెండు గంటల తర్వాత వచ్చి తాగితే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. తీసినప్పుడు తియ్యగా ఉన్న రసమే నిలవుంటే చేదెక్కుతుంది, గింజలు నలిగినా, తొక్క గట్టిగా పిండినా ఇంకా ఎక్కువ. అది రాత్రంతా కోడితోపాటు ఊరింది, ఇక చెప్పేదేముంది.

మీ అబ్బాయి తిన్నదాంట్లో పోసేది క్యూబా వాళ్లు మోహో అనే పులుసులాంటిది. దానికి వాళ్లు వాడేది పుల్ల నారింజ. స్పానిష్‌లో నారింజని నరాంహ అంటారు, మన నారింజా వాళ్ల నరాంహా ఒకే మాట నుంచి పుట్టినవి, ఇక్కడి మాటే పర్షియా, అరబ్బు దేశాల మీదుగా స్పెయిన్ చేరింది. పండు కూడా అమెరికాలో లేనిదే, 1493లో కొలంబస్ రెండోసారి వెళ్లినప్పుడు విత్తనాలు పట్టుకెళ్లాడు. మనకి పుల్ల నారింజ దొరకడం కష్టం కాబట్టి అర కప్పు చీనీ రసం, పావు కప్పు నిమ్మరసం కలపండి, కిలోకి అది చాలు.

చేసే పద్ధతి ఇది. పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, ఒకటిన్నర చెంచా కల్లుప్పు రోట్లో వేసి మెత్తగా నూరండి, మిక్సీ వద్దు, అందులో వెల్లుల్లి ఘాటుగా మారిపోతుంది. వేయించిన జీలకర్ర పొడి చెంచాన్నర, మిరియాలు కాస్త. నాలుగు పెద్ద చెంచాల నూనె బాగా కాచి ఆ ముద్ద మీద పోయండి, చుయ్‌మని పొంగుతుంది, తిరగవాత వేసినట్టే ఇల్లంతా వాసన. చల్లారాక రసాలు కలపండి. పిజ్జా మీద చల్లే ఒరేగానో ఆకు లేకపోతే కుండీలో కర్పూరవల్లి ఉంది కదా, పిల్లలకి జలుబు చేస్తే కషాయం కాచే వాము ఆకు, అది ఆరేడు ఆకులు తరిగి వేయండి. పోర్టోరికోలో ఆ ఆకునే ఒరేగానో అని వంటల్లో వాడతారు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు ముఖ్యమైన పని. అందులో మూడో వంతు, కోడిని ముట్టకముందే, వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టి పక్కన పెట్టండి. మిగిలింది ముక్కలకి పట్టించి రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తీసి పెట్టిన ఆ రసం కాల్చిన ముక్కలు పళ్లెంలోకి దించగానే పైన పోయాలి, మీ అబ్బాయి చెప్పే రుచి చాలావరకు అక్కడే ఉంది. పచ్చికోడి నానిన రసం మాత్రం పోయకూడదు, బాగా మరిగిస్తే తప్ప. గిన్నె స్టీలుదో గాజుదో పెట్టండి. నేను మొదటిసారి పాత అల్యూమినియం దబరాలో కలిపాను, రసం బూడిద రంగులోకి తిరిగి నాణెం నాకినట్టు రుచి వచ్చింది, మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

కోడి విషయానికొస్తే, మన జిల్లాలో నాటుకోడి మీద ఎంత ప్రేమున్నా దీనికి వద్దు, అది సంగటిలోకి పులుసు పెట్టడానికే, నిప్పుల మీద పెడితే తోలుచెప్పే. బాయిలర్ లెగ్ పీసులు, తొడతో సహా, తోలు తీయకుండా ఇవ్వమని అడగండి. కొట్టువాళ్లు అలవాటుగా తోలు ఒలిచేస్తారు, ముందే చెప్పాలి. ఇస్త్రీ బండ్లకి బొగ్గులు అమ్మే చోటే మీకూ దొరుకుతాయి. నిప్పుల మీద తెల్లగా బూడిద కప్పాక అన్నీ ఒక పక్కకి నెట్టి, ముక్కల్ని రెండో పక్క పెట్టి పైన గిన్నె బోర్లించండి. ముప్పై నిమిషాలు అలా మగ్గాక, చివరి ఐదు నిమిషాలు నేరుగా నిప్పుల మీదికి జరిపి తోలు ఎర్రగా వచ్చేదాకా తిప్పండి. చీనీ రసంలో చక్కెర ఉంటుంది, మొదట్నుంచీ మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వంట థర్మామీటర్ ఉంటే ఎముక పక్కన లోపల 74 డిగ్రీలు దాటాలి, లెగ్ పీసైతే 80 దాకా పోతేనే బాగుంటుంది.

ప్రశ్న: మెక్సికో వాళ్ల కోడి ఎర్రగా ఉంటుంది, వీడియోల్లో ఏదో ఎర్ర ముద్ద వేస్తారు. అది ఇక్కడ దొరుకుతుందా? కారప్పొడి వేస్తే సరిపోదా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అది అచియోటె, మన జాఫ్రా గింజలు. మన్యంలో పండిస్తారు. మీ దగ్గర దొరికితే రెండు చెంచాల గింజలు నూనెలో సన్న సెగ మీద వెచ్చబెట్టండి, నూనె కాషాయం రంగుకి తిరగ్గానే దించి వడగట్టండి, కాస్త ఆలస్యమైతే నల్లబడి చేదొస్తుంది. ఆ నూనెనే పైన చెప్పిన ముద్ద మీద పోయండి. కారప్పొడి వేయొచ్చు, తప్పేం లేదు, కానీ అప్పుడు అది మన చికెన్ ఫ్రై వైపు వచ్చేస్తుంది. జాఫ్రాకి కారం ఉండదు, రంగూ కొంచెం మట్టివాసన లాంటి రుచీ అంతే.

ప్రశ్న: తిరుపతిలో అద్దె ఇల్లు, కింద ఓనర్లు శాకాహారులు. మేడ మీద బొగ్గులు పెట్టనివ్వరు. వంటగదిలోనే కుంపటి పెట్టి కిటికీ తెరిచి చేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, ఓనరు ఒప్పుకున్నా వద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కిటికీ తెరిచామన్న ధైర్యం పనికిరాదు. ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, ఉంటే 220 డిగ్రీల్లో 40 నిమిషాలు పెట్టండి. లేదంటే మందపాటి ఇనుప పెనం మీద తోలు వైపు కిందికి పెట్టి, ముందు రసం బాగా తుడిచేసి, సన్న మంట మీద మూతపెట్టి కాల్చండి. తడి ముక్క పెనం మీద వేస్తే కాలదు, ఉడుకుతుంది. పక్కన తెల్లన్నం, ఉడికించిన అలసందలు పెట్టుకోండి, క్యూబా వాళ్లు నల్ల చిక్కుళ్లతో తింటారు. ఇక ఓనరమ్మ గురించి: వెంకన్నకి ప్రీతి అని నీచు ముట్టని పెరటాసి నెల పోనివ్వండి, ఆ తర్వాత కూడా స్వామివారి శనివారం మాత్రం మొదలుపెట్టకండి, ఆ వెల్లుల్లి తిరగవాత వాసన మెట్లు దిగి వాళ్ల పూజగదిదాకా వెళ్తుంది.