పేరు పది, తలకాయలు పద్ధెనిమిది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఏ టీమ్ ఏ కాన్ఫరెన్స్‌లో (అంటే కాలేజీ టీమ్‌లు కలిసి ఆడే లీగ్‌లో) ఉందో అర్థం కావట్లేదని. అందుకే క్రికెట్ ప్రశ్నలు పక్కన పెట్టేసి ఈసారి ఇదొక్కటే చూద్దాం.

ప్రశ్న: మా అబ్బాయి రట్గర్స్‌లో చేరాడు. బిగ్ టెన్ అంటే పది టీమ్‌లు అనుకుని లెక్కపెడితే పద్ధెనిమిది వచ్చాయి. బిగ్ 12 లెక్కపెడితే పదహారు. లెక్కలు నాకు రావా, వాళ్ళకి రావా? (న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ లెక్క కరెక్టే సార్. 1990లో పెన్ స్టేట్‌ని చేర్చుకున్నప్పుడే బిగ్ టెన్ పదకొండు అయిపోయింది, కానీ అంత పాత పేరు వదులుకోవడం ఇష్టం లేక లోగోలోనే ఓ చిన్న ట్రిక్ చేశారు, టెన్‌లో టి అక్షరానికి అటూ ఇటూ ఉన్న ఖాళీలో 11 అంకె దాచారు. పాత లోగో ఎక్కడైనా దొరికితే మీ అబ్బాయికి చూపించండి, ఒకసారి కనబడిందంటే ఇంక 11 తప్ప ఏమీ కనబడదు. 2011లో నెబ్రాస్కా వచ్చి పన్నెండు అయ్యాక ఆ దాచుడు కూడా మానేశారు. ఇంకా తమాషా ఏంటంటే 2011 నుంచి మూడు సీజన్లు బిగ్ టెన్‌లో పన్నెండు టీమ్‌లు, బిగ్ 12లో పది టీమ్‌లు. పేర్లు మార్చుకుంటే సరిపోయేది, ఎవరూ మార్చుకోలేదు.

ప్రశ్న: న్యూజెర్సీ రట్గర్స్, లాస్ ఏంజెలిస్ యూసీఎల్‌ఏ ఒకే లీగ్‌లో ఎందుకుండాలి? కాన్ఫరెన్స్ అంటే చుట్టుపక్కల కాలేజీలు కదా? (శాన్ హోసే పాఠకుడు)

జవాబు: ఒకప్పుడు అంతే. బస్సెక్కి వెళ్ళి ఆడి రాత్రికి ఇంటికొచ్చేసే దూరంలో ఉన్నవాళ్ళే ఒక గుంపు. అది చెడింది టీవీ దగ్గర, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 1984లో. అప్పటిదాకా టీవీలో ఏ గేమ్ వెయ్యాలో, ఎవరిది ఎన్నిసార్లు వెయ్యాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలోనే ఉండేది, ఒక టీమ్ రెండేళ్ళలో ఆరుసార్లకి మించి కనబడటానికి లేదు, ఎంత పెద్ద టీమ్ అయినా సరే. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్తే సుప్రీంకోర్టు 7-2తో ఆ గుత్తాధిపత్యం కొట్టేసింది. ఇంక మా గేమ్‌లు మేమే అమ్ముకుంటాం అన్నారు, ఒక్కొక్కరు అమ్మడం కంటే గుంపుగా అమ్మితే రేటు బాగొస్తుందని తెలిసింది, గుంపులో మంచి టీమ్‌లుంటే ఇంకా బాగొస్తుందని తెలిసింది, అంతే, పక్క గుంపులోవాళ్ళని లాక్కోవడం మొదలైంది.

మీ రట్గర్స్ సంగతికొస్తే, వాళ్ళని 2014లో తీసుకున్నది ఫుట్‌బాల్ బాగా ఆడతారని కాదు (రట్గర్స్ అభిమానులు క్షమించాలి). బిగ్ టెన్‌కి 2007 నుంచి సొంత టీవీ ఛానల్ ఉంది. అప్పట్లో ఇంటింటికీ కేబుల్. ఛానల్ బేసిక్ ప్యాకేజీలో చేరిందంటే ఆ ఇంట్లో ఎవరూ ఫుట్‌బాల్ చూడకపోయినా నెలనెలా కేబుల్ బిల్లులోంచి కొంత డబ్బు ఛానల్‌కి వెళ్ళిపోతుంది, పైగా ఆ ప్రాంతంలో కాన్ఫరెన్స్ టీమ్ ఉంటే రేటు ఎక్కువ. రట్గర్స్ వస్తే న్యూయార్క్ చుట్టుపక్కల ఇళ్ళన్నీ, అదే ఏడాది మేరీల్యాండ్ వస్తే వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఇళ్ళన్నీ లెక్కలోకి వస్తాయి. అంటే కొన్నది టీమ్‌ని కాదు, ఇళ్ళని. ఈ మేరీల్యాండ్ 1953లో తూర్పు తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీ పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి, అరవై ఏళ్ళ చుట్టరికం కూడా అడ్డు రాలేదు.

ఇప్పుడు కేబుల్ కట్ చేసేసేవాళ్ళు పెరిగారు కాబట్టి ఇళ్ళ లెక్క తగ్గి, దేశం మొత్తం కూర్చుని చూసే పెద్ద గేమ్‌ల లెక్క వచ్చింది. 2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకి ఏడు బిలియన్ డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుంది. లాస్ ఏంజెలిస్ నుంచి యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వస్తున్నాయని బయటికి చెప్పింది ఎప్పుడు? అంతకు ముందు జూన్ 30న. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను వాషింగ్టన్ స్టేట్‌లో చదివాను. మా టీమ్ ఏ తప్పు చేసింది? (స్పోకేన్ నుంచి)

జవాబు: ఏ తప్పూ చెయ్యలేదండీ. మీ కాలేజీ ఉన్న పుల్‌మన్ చిన్న ఊరు, టీవీ వాళ్ళకి పెద్ద మార్కెట్ కాదు, అదొక్కటే.

జరిగింది తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్ళిపోతాం అన్నాక వాళ్ళూ మీరూ ఉన్న పశ్చిమ తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 కొత్త టీవీ ఒప్పందం కోసం ఏడాది పైగా తిరిగింది. 2023 జులై చివర్లో కొలరాడో ఇంక ఆగలేనని బిగ్ 12కి వెళ్ళిపోయింది. చివరికి చేతికొచ్చిన ఆఫర్ ఆపిల్ నుంచి, ఎంతమంది సబ్‌స్క్రైబ్ చేస్తే అంత డబ్బు అనే రకం. ఆగస్టు 4న, ఒకే ఒక్క రోజులో, ఆరిగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. ఆరిగన్, వాషింగ్టన్ అయితే మిగతావాళ్ళకంటే బాగా తక్కువ వాటాకి ఒప్పుకుని మరీ వెళ్ళాయి, ఉన్న ఇల్లు కూలుతుంటే పక్కింటి వరండా అయినా చాలనుకున్నట్టు. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కూడా ఏసీసీకి. ఏసీసీ అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, ఈ రెండూ ఉన్నది పసిఫిక్ ఒడ్డున. వాళ్ళతో పాటు చేరిన డాలస్ ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దని చెప్పి చేరింది, ఎదురు కట్నం అంటే ఇదే.

1915లో మొదలైన లీగ్‌లో చివరికి మిగిలింది మీరూ ఆరిగన్ స్టేట్. 2023 సెప్టెంబర్ 23న పుల్‌మన్‌లో మీరిద్దరూ ఆడుకున్న గేమ్ నేను టీవీలో చూశా, మీవాళ్ళు 38-35తో గెలిచారు, రెండూ మంచి టీమ్‌లే, మంచి గేమే, అయినా చూస్తున్నంతసేపూ ఇల్లు అమ్మేశాక అదే ఇంట్లో పండగ చేసుకుంటున్నట్టే అనిపించింది నాకు. కాకపోతే మీవాళ్ళు ఊరుకోలేదు, వెళ్ళిపోయేవాళ్ళకి బోర్డులో ఓటేంటి అని విట్‌మన్ కౌంటీ కోర్టులో కేసు వేసి లీగ్ పేరు, పెత్తనం ఈ రెండు స్కూళ్ళకే దక్కేలా చేసుకున్నారు. ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌గా నిలబడాలంటే ఎనిమిది టీమ్‌లు తప్పనిసరి, రెండేళ్ళు గడువు. అందుకే బాయ్‌సీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్, ఈ ఆరింటినీ 2026కి తెచ్చుకున్నారు. గొంజాగా కూడా వచ్చింది కానీ దానికి ఫుట్‌బాల్ టీమే లేదు, బాస్కెట్‌బాల్ కోసం. తమ గూడు చెదిరిందని బాధపడ్డవాళ్ళే వెళ్ళి, ఈ టీమ్‌లు చాలావరకు ఉన్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ గూడు చెదరగొట్టారు, అదీ రాసుకోవాలి మరి.

ప్రశ్న: నోటర్ డామ్ ఎందులోనూ చేరదేం? (ఇండియానా పాఠకుడు)

జవాబు: అవసరం లేదు కనుక. 1991 నుంచి ఎన్‌బీసీతో సొంత ఒప్పందం ఉంది. ఫుట్‌బాల్‌కి స్వతంత్రం, మిగతా ఆటలు చాలావరకు ఏసీసీలో, ఐస్ హాకీ బిగ్ టెన్‌లో. గోడ మీద పిల్లి అనుకోవచ్చు, కానీ ఈ పిల్లికి గోడ కూడా సొంతమే.

ప్రశ్న: మా అమ్మాయి వాలీబాల్ ఆడుతుంది, ఒక వెస్ట్ కోస్ట్ కాలేజీ పిలుస్తోంది. ఈ గొడవ ఆమెకి ఏమైనా సంబంధమా? (సాక్రమెంటో నుంచి ఒక తల్లి)

జవాబు: ఉంది, నిజానికి ఎక్కువ సంబంధం ఆమెకే. ఫుట్‌బాల్ వాళ్ళు వారానికి ఒక్క గేమ్, అందులో సగం సొంత ఊళ్ళోనే, మిగతావాటికి చార్టర్ విమానం. వాలీబాల్ అయితే వారానికి రెండు మ్యాచ్‌లు మామూలే. ఒప్పందం మీద సంతకం పెట్టింది ఫుట్‌బాల్ కోసం, మూడు గంటల టైమ్ తేడా దాటి వెళ్ళొచ్చి పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాల్సింది మాత్రం ఈ పిల్లలు. కోచ్‌తో మాట్లాడేటప్పుడు స్కాలర్‌షిప్ ఎంత అని ఎలాగూ అడుగుతారు, పోయిన సీజన్ షెడ్యూల్ చూపించమని, ఎన్ని రోజులు క్లాసు పోయిందో చెప్పమని కూడా అడగండి, మొహమాటపడొద్దు. యూసీఎల్‌ఏ వెళ్ళిపోయినందుకు కాల్‌కి ఏడాదికి పది మిలియన్ డాలర్లు కట్టాలని కాలిఫోర్నియా యూనివర్సిటీ పాలకమండలి (రీజెంట్లు) 2024లో తీర్మానించింది, రెండూ ఒకే ప్రభుత్వ యూనివర్సిటీ కుటుంబం కాబట్టి. పిల్లల క్లాసులకి మాత్రం అలాంటి పరిహారమేదీ నేను వినలేదు.

ఇంకో సంగతి, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్, కాల్, ఈ నాలుగూ మగపిల్లల వాటర్ పోలోలో ఇప్పటికీ ఒకే లీగ్‌లో ఆడుకుంటున్నాయి. బిగ్ టెన్‌లో గానీ ఏసీసీలో గానీ ఆ ఆటే లేదు మరి.

ప్రశ్న: నేను టెక్సస్ ఏ అండ్ ఎం, మావారు యూటీ ఆస్టిన్. పెళ్ళయ్యేనాటికి మా రెండు కాలేజీలూ ఆడుకోవడమే మానేశాయి. ఇప్పుడు మళ్ళీ ఇంట్లో యుద్ధం మొదలైంది. ఇది ఉంటుందా, పోతుందా? (కేటీ, టెక్సస్)

జవాబు: ఉంటుందమ్మా. మీవాళ్ళు బిగ్ 12 వదిలి దక్షిణాది కాన్ఫరెన్స్ ఎస్ఈసీకి వెళ్ళిపోతూ 2011లో ఆడిన ఆఖరి గేమ్‌లో మీవారి జట్టు 27-25తో గెలిచింది, అదీ చివరి కిక్‌తో, ఆ సంగతి పదమూడేళ్ళూ మీకు గుర్తుచేస్తూనే ఉండుంటారు. యూటీ, ఓక్లహోమా బిగ్ 12కి కలిపి వంద మిలియన్ డాలర్లు వదులుకుని ఏడాది ముందే బయటపడి 2024లో ఎస్ఈసీకి వచ్చాయి కాబట్టే మీ గేమ్ తిరిగొచ్చింది. ఆ ఏడాది కూడా 17-7తో వాళ్ళే గెలిచారు, సారీ. 2026 నుంచి ఎస్ఈసీలో తొమ్మిది కాన్ఫరెన్స్ గేమ్‌లు, అందులో యూటీకి ఏటా తప్పకుండా ఓక్లహోమా, ఆర్కన్సా, మీరూ. 1996లో మూతపడిన పాత సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో కలిసి ఆడుకున్న ఏ అండ్ ఎం, ఆర్కన్సా రెండూ ఇన్నేళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ ఏటా యూటీకి ఎదురుపడటం అంటే నాకు నవ్వే వస్తుంది. 2026 గేమ్ మీ కాలేజ్ స్టేషన్‌లోనే, థాంక్స్‌గివింగ్ వారంలో. టికెట్లు ఇప్పుడే చూసుకోండి, రెండూ ఒకేవైపు సీట్లు మాత్రం కొనకండి.