లూప్ సింటాక్స్ మార్చమని అడగాలంటే

ప్రశ్న: సార్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. పైథాన్‌లో ఫర్ లూప్ లోపల ఇంకో ఫర్ లూప్ ఉన్నప్పుడు బ్రేక్ కొడితే లోపలిదే ఆగుతుంది, బయటిది తిరుగుతూనే ఉంటుంది. ప్రతిసారీ బయటిది ఆగాలా వద్దా అని గుర్తుంచుకునే ఫ్లాగ్ వేరియబుల్ పెట్టుకోలేక విసుగొస్తోంది. జావాలోలా లూప్‌కి పేరు పెట్టి ఆ పేరుతో బ్రేక్ చేసే సౌకర్యం ఇమ్మని నేను ప్రపోజల్ పంపొచ్చా?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: నిక్షేపంగా పంపొచ్చు, ఎవరైనా పంపొచ్చు. కాకపోతే ముందు పెప్ 3136 చదవండి (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరుతూ రాసే ప్రతిపాదన పత్రం). మీరు అడిగేదే 2007లో ఒకరు అడిగారు, పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ వద్దన్నారు. అంత చిక్కు కోడ్ అరుదుగా వస్తుంది, వచ్చినా చాలాసార్లు రిటర్న్‌తో పని జరిగిపోతుంది, ఆ కాస్త దానికోసం భాషకి శాశ్వతంగా ఇంకో రూల్ తగిలించాలి, పైగా సరిగ్గా వాడేవాళ్ళకన్నా తప్పుగా వాడేవాళ్ళే ఎక్కువుంటారు అన్నది ఆయన వాదన.

ఆయన మాటలో నిజముంది. మాట్రిక్స్‌లో మొదటి సున్నా ఎక్కడుందో వెతకాలనుకోండి, రెండు లూపులూ తీసి ఒక ఫంక్షన్‌లో పెట్టి సున్నా కనబడగానే రో, కాలమ్ రిటర్న్ చేసేస్తే ఫ్లాగ్ అవసరమే ఉండదు. కానీ లూప్ మధ్యలో ఐదారు వేరియబుల్స్ మారుతూ ఉంటే వాటన్నిటినీ ఫంక్షన్‌కి పంపి మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలి, అప్పుడు ఉన్న కోడ్‌కన్నా కొత్తది ఘోరంగా తయారవుతుంది. మీ కేసు బలమంతా అక్కడే ఉంది. అందుకని సింటాక్స్ ఎంత అందంగా ఉందో చెప్పడం మానేసి, పెద్ద ప్రాజెక్టుల్లో అలాంటి లూపులు వెతికి పట్టుకుని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించండి.

గో అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళు చేసింది అదే. గోలో ఫర్ లూప్ వేరియబుల్ అన్ని రౌండ్లకీ కలిపి ఒక్కటే ఉండేది, దాని అడ్రస్ దాచుకుంటే చివరికి అన్నీ ఒకే విలువ చూపించేవి. 2020లో వెబ్‌సైట్లకి ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి ఇదే దెబ్బ తగిలింది, ఒక సర్టిఫికెట్‌లో పది డొమైన్లు మళ్ళీ చెక్ చెయ్యాల్సి వస్తే పదీ చూడకుండా ఒకే డొమైన్‌ని పదిసార్లు చూసేది, 30 లక్షలకి పైగా సర్టిఫికెట్లు అందులో ఇరుక్కున్నాయి! ఇలాంటి అసలు బగ్స్ ముందు పెట్టి అడిగారు, ఫిబ్రవరి 2024లో వచ్చిన గో 1.22లో ప్రతి రౌండ్‌కీ కొత్త వేరియబుల్ వచ్చింది. అది కూడా మాడ్యూల్ ఫైల్లో 1.22 గానీ ఆపైది గానీ అని రాసుకున్నవాళ్ళకే, పాత కోడ్ పాత పద్ధతిలోనే నడుస్తుంది. పాతవాళ్ళని ఇబ్బంది పెట్టకుండా మార్చడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

పైథాన్‌లో ఇప్పుడు నిర్ణయం ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌ది. మీరు కోర్ డెవలపర్ (పైథాన్ అసలు కోడ్‌ని మార్చే అధికారం ఉన్నవాళ్ళు) కాదు కాబట్టి మీ పెప్‌కి ఒక స్పాన్సర్ కావాలి, అంటే ముందు అందరి మధ్యా ఐడియా చెప్పి ఒక కోర్ డెవలపర్‌నైనా ఒప్పించాలి. 2007లో చెప్పిన కారణాలకి మీ జవాబేంటో మొదటి పేజీలోనే రాసెయ్యండి, అందరూ అడిగేది అదే.

ప్రశ్న: రేంజ్ లేకుండా నేరుగా "ఫర్ ఐ ఇన్ 5" అని పైథాన్‌లో ఎందుకు రాయనివ్వరు?
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: అదీ అడిగారండీ, పెప్ 276. 2005లో తిరస్కరించారు. అప్పటికే లిస్ట్‌లో ఒక్కో విలువతో పాటు దాని నంబర్ కూడా ఇచ్చే ఎన్యూమరేట్ ఫంక్షన్ వచ్చేసి చాలావరకు అవసరం తీరిపోయింది. ఇంకో చిక్కు ఏంటంటే అంకెల మీద లూప్ తిరగనిస్తే ఇప్పుడు ఎర్రర్‌గా దొరికే తప్పులు కూడా చప్పుడు కాకుండా నడిచిపోతాయి, లిస్ట్ ఇవ్వాల్సిన చోట పొరపాటున దాని పొడవు ఇచ్చినా సరే. గో మాత్రం అదే 1.22లో అంకె మీద రేంజ్ తిప్పనిచ్చింది, కానీ అక్కడ టైపులు కంపైలర్ ముందే చూస్తుంది కాబట్టి ఆ భయం చాలా తక్కువ.