పాఠకుల ప్రశ్నలు: ‘ఊరికే కొట్టడు కదమ్మా’

ప్రశ్న: మా చెల్లెలి కూతురికి పెళ్లయి మూడేళ్లయింది. భర్త కొడుతున్నాడని గత నెలలో పుట్టింటికి వచ్చేసింది. చూడటానికి వెళ్లి, పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఊరికే కొట్టడు కదమ్మా, నువ్వేమన్నావు?’ అని అడిగాను. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి నా ఫోను తీయడం లేదు. పెద్దదాన్ని, మంచికే అడిగాను. అందులో తప్పేముంది?
— పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు మంచికే అడిగారని నేను నమ్ముతున్నాను. ఆ పిల్ల మీద ప్రేమ లేకపోతే ఈ ఉత్తరం రాసేవారు కాదు. అయినా అడిగినది తప్పేనమ్మా. ‘ఊరికే కొట్టడు’ అన్నప్పుడే, కొట్టడానికి తగిన కారణం ఒకటి ఉంటుందని, అది ఆమె దగ్గరే దొరుకుతుందని మీరు ఒప్పేసుకున్నారు. కూర చల్లారిపోయిందనో, ఎదురు మాట్లాడాననో ఆమె చెప్పి ఉంటే, ఆ తర్వాత మాటలన్నీ ఆ కూర చుట్టూ, ఆ ఎదురుమాట చుట్టూ తిరిగేవి. లేచిన చెయ్యి సంగతి ఎవరూ ఎత్తేవారు కారు.

మీరొక్కరే ఇలా అడగడం లేదు. చెప్పకుండా బయటికి వెళ్లడం, పిల్లలను పట్టించుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగితే, కనీసం ఒకదానికి సబబేనన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి దాదాపు 84 మంది. హిమాచల్ ప్రదేశ్‌లో 15 మందే. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూసిన రోజు నేను చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

మన మాటతీరులోనే ఈ అలవాటు ఉంది. ‘దెబ్బలు తింది’, ‘మానం పోగొట్టుకుంది’, ‘చెడిపోయింది’ అంటాం. ఆ వాక్యాల్లో కర్త ఆమే, చేసినవాడు ఎక్కడా కనిపించడు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకేనని ఆడపిల్లలకు చెబుతూ వచ్చాం. మగపిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే సామెత నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపినప్పుడు, ఆమె చెల్లెలికి కాకుండా 100కు ఫోను చేసి ఉంటే బతికేదని బాధ్యత గల పదవిలో ఉన్నవారే అన్నారు. చచ్చిపోయిన మనిషికి కూడా ఆ ప్రశ్న తప్పలేదు.

ఎందుకిలా అంటామో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో వెలువరించిన ఒక ప్రయోగం కొంత చెబుతుంది. ఒక వ్యక్తికి కరెంటు షాకులు తగులుతున్నాయని నమ్మించి చూపించినప్పుడు, ఆ బాధను ఆపే వీలు లేని ప్రేక్షకులు ఆ వ్యక్తినే చులకన చేయడం మొదలుపెట్టారు. ఆమె ఏదో చేసింది కాబట్టే ఆమెకు జరిగిందనుకుంటే, మనకూ మన పిల్లలకూ జరగదన్న ధైర్యం మిగులుతుంది. మీ ప్రశ్న వెనుక ఉన్నది కోపం కంటే భయమేనని నాకనిపిస్తోంది.

ఫోను తీయకపోతే స్వయంగా వెళ్లండి. ‘నేనలా అడగకుండా ఉండాల్సింది’ అని చెప్పి, ఆమె చెప్పినంత వినండి, చెప్పకపోతే ఊరుకోండి. 2005 నాటి గృహహింస చట్టం కింద విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వులు, మనోవర్తి అడగవచ్చని, ఆ ఇల్లు భర్త పేరున ఉన్నా అక్కడ ఉండే హక్కు ఆమెకు ఉందని తెలియజేయండి. మహిళల సహాయ నంబరు 181కు ఫోను చేసినా, హింసకు గురైన స్త్రీలను ఆదుకునే సఖి కేంద్రానికి జిల్లాలో వెళ్లినా దారి చూపిస్తారు. గాయాలుంటే డాక్టరుకు చూపించి ఆ కాగితాలు దాచమనండి. పెద్దమనుషులు కూర్చునే పరిస్థితి వస్తే, ‘ఎందుకు కొట్టావు?’ అని మొదట అతన్ని అడిగే మనిషి మీరే కావాలి.

ప్రశ్న: అత్యాచారం కేసులో బాధితురాలి పూర్వపు నడవడిక గురించి కోర్టులో అడగవచ్చా?
— న్యాయశాస్త్ర విద్యార్థి, వరంగల్

జవాబు: ఆమె సమ్మతిని నిరూపించడం కోసం అడగకూడదు. ఆమె ‘సామాన్యంగా అవినీతిపరురాలు’ అని చూపి సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టం 155(4) నిబంధనను 2002 సవరణ తొలగించింది. పూర్వపు లైంగిక అనుభవానికి సమ్మతితో సంబంధం లేదని 2013 సవరణ తేల్చింది. ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అదే కొనసాగుతోంది. బాధితురాలికి పూర్వం లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చే పేరుతో ఆమె శరీరంపై చేసే ‘రెండు వేళ్ల పరీక్ష’ జరిపేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. ఇవన్నీ ఊరికే రాలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీ అత్యాచారానికి గురై, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోతే, ఆమెను వేశ్యగా చూపడానికే పోలీసులు పూనుకున్నారు. విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు మారిన ఆ కేసులో నిందితులు 1981లో విడుదలయ్యారు. మీరు రేపు నల్లకోటు వేసుకున్నాక అటువంటి ప్రశ్న వినిపిస్తే, వెంటనే లేచి అభ్యంతరం చెప్పండి. దాన్ని తోసిపుచ్చే అధికారం న్యాయమూర్తికి ఉంది.