పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇల్లిరియా రాజుల వియ్యాలు

ప్రశ్న: అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్ తాను ఓడించిన ఇల్లిరియా రాజు ఇంటి పిల్లనే పెళ్లాడాడని చదివాను. ఆ వియ్యంతో రెండు రాజ్యాల మధ్య పోరు ఆగిందా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కొంతకాలం సద్దుమణిగింది తప్ప ఆగలేదు. ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరాన, నేటి అల్బేనియా, మాంటెనెగ్రో, వాటి చుట్టుపక్కల ప్రాంతాల్లో బతికిన ఇల్లిరియన్లందరికీ ఒకే సింహాసనం గానీ, ఒకే రాజవంశం గానీ లేదు కనుక, ఒక రాజుతో వియ్యమందినంత మాత్రాన పక్క రాజు చేతులు కట్టుకుని కూర్చునేవాడు కాదు. క్రీ.పూ. 359 ప్రాంతంలో బార్డిలిస్ అనే ఇల్లిరియా రాజుతో జరిగిన యుద్ధంలో మాసిడోనియా రాజు మూడో పెర్డికాస్, అతనితోపాటు నాలుగు వేలమంది సైనికులు హతమయ్యారు. పెర్డికాస్ తమ్ముడైన ఫిలిప్ మరుసటి ఏడాదే బార్డిలిస్‌ను ఓడించాడు. బార్డిలిస్ కుటుంబానికి చెందినదిగా చరిత్రకారులు భావించే ఆడాటాను ఫిలిప్ పెళ్లాడింది ఈ పోరు ముగిసిన రోజుల్లోనే. అయినా ఫిలిప్ కన్నుమూసిన మరుసటి ఏడు, అంటే క్రీ.పూ. 335లో, బార్డిలిస్ కొడుకు క్లైటస్ మాసిడోనియా మీద తిరగబడ్డాడు. తౌలాంటీలనే మరో ఇల్లిరియా తెగ రాజు గ్లౌకియాస్ అతనికి తోడు వచ్చాడు. అంతకుముందు యువరాజుగా ఉండగా అలెగ్జాండర్ తండ్రితో తగవుపడి కొన్నాళ్లు తలదాచుకున్నది కూడా ఇల్లిరియాలోనే కావడం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో ఈ పెళ్లి అసలు ఫలితం యుద్ధభూమిలో కంటే ఆడాటా సంతతిలోనే కనిపిస్తుంది. ఆమె తన కూతురు సైనేన్‌ను కత్తి పట్టే మనిషిగా పెంచింది. ఆ కూతురు మాసిడోనియా పక్షాన పోరాడుతూ ఒక ఇల్లిరియా రాణిని మెడ మీద వేటు వేసి చంపిందని ప్రాచీన రచయిత పోలియేనస్ రాశాడు. సైనేన్‌ను ఫిలిప్ తన అన్న పెర్డికాస్ కొడుకు అమింటాస్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. మన వరసల్లో అన్నదమ్ముల బిడ్డలు తోబుట్టువులతో సమానం కనుక మన పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. అంతకంటే గమనించదగ్గ విషయం మరొకటి ఉంది: బార్డిలిస్‌తో పోరులో ప్రాణం పోగొట్టుకున్న రాజు కొడుక్కే బార్డిలిస్ వైపు పిల్ల భార్య అయింది.

అలెగ్జాండర్ గద్దెనెక్కాక అమింటాస్‌ను చంపించాడు. అలెగ్జాండర్ మరణించాక సైనేన్ తన కూతురు అదేయాను వెంటబెట్టుకుని ఆసియాకు బయలుదేరి, దారిలో సేనాని అల్సెటాస్ చేతిలో హతమైంది. సైనికులు దానికి మండిపడటంతో, కొత్త రాజు ఫిలిప్ అర్హిడేయస్‌కు అదేయాను ఇచ్చి పెళ్లి చేయక తప్పలేదు. అతను ఆమె తల్లికి సవతి సోదరుడు. ఇది మనకు బాగా తెలిసిన మేనమామ సంబంధమే. యూరిడిసీ అన్న పేరుతో రాణి అయిన ఆమె క్రీ.పూ. 317లో అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌ను ఎదిరించడానికి సైన్యంతో కదిలింది. తీరా సైనికులు ఒలింపియాస్ వైపు ఫిరాయించారు. బందీగా ఉన్న యూరిడిసీకి ఒలింపియాస్ ఒక కత్తి, ఒక ఉరితాడు, కొంత విషం పంపి, ఏదో ఒకటి ఎంచుకోమంది. ఒలింపియాస్ అప్పటికే చంపించిన తన భర్త శవాన్ని యూరిడిసీ చేతనైనంతలో సవరించి, తన నడికట్టుతోనే ఉరి వేసుకుందని ప్రాచీన చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు.

ప్రశ్న: ఎపిరస్ రాజు పిర్రస్ ఇల్లిరియా రాజు ఇంట పెరిగాడంటారు. శత్రువులు వెంటాడుతున్న బిడ్డను ఆ రాజు ఎందుకు చేరదీశాడు? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఆ రాజు పైన చెప్పిన గ్లౌకియాసే. ఆయన భార్య బెరోయా ఇల్లిరియాకు దక్షిణాన ఉన్న ఎపిరస్‌ను ఏలిన మొలోస్సియన్ వంశపు ఆడపడుచు కనుక, వచ్చినవాడు ఆమె పుట్టింటి బిడ్డ. క్రీ.పూ. 317 ప్రాంతంలో పిర్రస్ తండ్రి గద్దె పోగొట్టుకోగా, నమ్మకస్తులు పసివాణ్ని ఇల్లిరియాకు చేర్చి, భార్యతో కూర్చుని ఉన్న గ్లౌకియాస్ ఎదుట నేల మీద ఉంచారు. పిర్రస్ తండ్రికి శత్రువైన మాసిడోనియా పాలకుడు కసాండర్‌తో వైరానికి జంకి రాజు చాలాసేపు మాట్లాడలేదు. అంతలో బిడ్డ పాకుతూ వచ్చి, ఆయన వస్త్రం పట్టుకుని మోకాళ్ల దగ్గర లేచి నిలబడ్డాడట. రాజు ముందు నవ్వి, తరవాత కరిగిపోయి, బిడ్డను భార్య చేతికిచ్చి తమ పిల్లలతోపాటే పెంచమన్నాడని ప్రాచీన రచయిత ప్లూటార్క్ చెబుతాడు. కసాండర్ 200 టాలెంట్ల (టాలెంట్ నాటి గ్రీకుల పెద్ద తూకం) వెండి ఇస్తానన్నా గ్లౌకియాస్ పిల్లవాణ్ని అప్పగించలేదు. పైగా పన్నెండేళ్లు వచ్చాక సైన్యంతో ఎపిరస్‌కు తీసుకెళ్లి గద్దెనెక్కించాడు. పదిహేడేళ్ల వయసులో పిర్రస్ గ్లౌకియాస్ కొడుకు పెళ్లికని ఇల్లిరియా వెళ్లినప్పుడే స్వదేశంలో తిరుగుబాటు జరిగి మళ్లీ గద్దె పోయింది. ఆ తరవాత అతను చేసుకున్న పెళ్లిళ్లలో ఒకటి బార్డిలిస్ అనే పేరుగల మరో ఇల్లిరియా రాజు కూతురు బిర్కెన్నాతో జరిగింది. ఈ రాజవంశాల చరిత్ర మొత్తంలో పెళ్లి కంటే ఈ పెంపకమే గట్టి బంధంగా నిలిచిందని నేను నమ్ముతాను.

ప్రశ్న: రాణి ట్యూటా వంశం తరవాత ఏమైంది? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ట్యూటాకు సంతానం ఉన్నట్టు ఆధారాలు లేవు. ఆమె భర్త, ఇల్లిరియా రాజు అగ్రోన్ క్రీ.పూ. 231లో మరణించాక, అతని మొదటి భార్య ట్రిట్యూటా కొడుకు పిన్నెస్ పసివాడు కావడంతో ట్యూటా పాలన చేపట్టి, రోమ్‌తో యుద్ధంలో ఓడింది. ఏడ్రియాటిక్ దీవి ఫారోస్‌కు చెందిన డెమెట్రియస్ ట్రిట్యూటాను పెళ్లాడి, ఆ బాలరాజుకు సంరక్షకుడయ్యాడు. పెళ్లి ద్వారా రాజ్యాధికారం చేజిక్కించుకోవడం ఎలాగో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ ఆ కాలంలో లేదు.

ఇల్లిరియా చివరి రాజు జెంటియస్ సంగతి మరీ దారుణం. అతని తమ్ముడు ప్లేటర్‌కు పొరుగున ఉన్న దార్దానియా రాజు మోనూనియస్ కూతురు ఎట్లెవాతో సంబంధం కుదిరింది. ఆ వియ్యంతో తమ్ముడికి బలం పెరుగుతుందని భయపడిన జెంటియస్ అతణ్ని చంపించి, ఆ పిల్లను తానే పెళ్లి చేసుకున్నాడు. తరవాత 300 టాలెంట్లు ఇస్తానన్న మాసిడోనియా రాజు పెర్సియస్ మాట నమ్మి రోమ్‌తో వైరం తెచ్చుకుంటే, చేతికి అందింది 10 టాలెంట్లే. క్రీ.పూ. 168లో రోమన్ సేనాని అనిసియస్ అతణ్ని నెల తిరక్కుండానే అతని రాజధాని స్కోడ్రాలో లొంగదీశాడు. జెంటియస్‌ను, ఎట్లెవాను, వారి ఇద్దరు కొడుకులను రోమ్‌లో విజయోత్సవ ఊరేగింపులో నడిపించి, ఆ తరవాత ఇటలీలోని ఇగూవియం పట్టణంలో కాపలాలో ఉంచారు.