పటాలం మాజీ అవుతుందా?

సందేహం: మా నాన్న మద్రాస్ రెజిమెంటులో చేసి, 1971 యుద్ధం చూసి, పింఛను మీద వచ్చేశాడు. ఇప్పటికీ నోరు తెరిస్తే ‘మా పల్టన్’, ‘మా పటాలం’. ఆయనతో పాటు పనిచేసినవాళ్లంతా వచ్చే నెల కలుస్తున్నారు. ఆహ్వానపత్రిక నేను రాసి, పైన ‘మాజీ పటాలం ఆత్మీయ కలయిక’ అని పెట్టాను. చదివి బల్ల మీద పడేసి, ‘మాజీని నేనురా, పటాలం ఎట్టా మాజీ అవుద్ది?’ అన్నాడు. మా ఊరి తెలుగు పండితులు మరో మెలిక పెట్టారు: పటాలం అపభ్రంశమట, ‘పటలం’ అనాలట. ఏది సరి? బెటాలియన్, రెజిమెంట్, ప్లటూన్‌లకు తెలుగు మాటలు కూడా తెలపండి.
– ఒక పాఠకుడు, గిద్దలూరు దగ్గరి పల్లె

సమాధానం: పండితుల మెలిక ముందు విప్పుదాం. ‘పటలం’ చక్కని సంస్కృత పదమే. కప్పు, పొర, గుంపు అని దానికి అర్థాలు. మేఘపటలం, ధూళిపటలం అందరికీ తెలిసినవే. అయితే దానికీ మీ నాన్నగారి పటాలానికీ చుట్టరికం లేదు. దీర్ఘం కనబడగానే దాన్ని అపభ్రంశమనుకోవడం, సంస్కృతంలో దగ్గరి మాట వెతికి దిద్దడం మనవాళ్లకు పాత జబ్బు. ఆ లెక్కన తుపాకికీ కవాతుకూ కూడా సంస్కృత మూలాలు పుట్టించవచ్చు. తుపాకి తురుష్కుల నుంచి వచ్చింది, కవాతు అరబ్బీ ‘కవాయిద్’ నుంచి. సైన్యానికి సంబంధించిన మాటలు సైన్యాలతోనే నడిచొస్తాయి.

పటాలానికి మూలం యూరపులో ఉంది. లాటిన్‌లో ‘బత్తువెరె’ అంటే కొట్టడం. అందులోంచి ఇటలీలో ‘బత్తాల్యా’, అంటే పోరు, పుట్టింది. మనం కొట్టు నుంచి కొట్లాట చేసుకున్నట్టే వాళ్లూ చేసుకున్నారు. దాని మీద పెద్దదనే ప్రత్యయం చేరి ‘బత్తల్యోనె’ అయింది. అదే ఫ్రెంచిలోకీ, పోర్చుగీసులోకీ, ఇంగ్లీషులోకీ పాకింది. ఫిరంగి దళంవాళ్లు తమ జట్టును ‘బ్యాటరీ’ అంటారే, అదీ ఈ కొట్టుడు కుటుంబమే.

మరి మనకు ఎవరి ద్వారా వచ్చింది? మాట చివర చూడండి. పోర్చుగీసులో ఇది ముక్కుతో పలికే ‘బతల్యావ్ఁ’. ఆ ముక్కుధ్వని మన దగ్గర సున్నా అవుతుంది. చొక్కా బొత్తాం పోర్చుగీసు ‘బొతావ్ఁ’ నుంచి అలాగే వచ్చింది. వేలంపాటలోని వేలం కూడా ‘లెయిలావ్ఁ’ నుంచేనని చాలామంది అంటారు, కాదు అరబ్బీదనేవారూ ఉన్నారు. ఇప్పుడు మొదలు చూడండి. బొత్తాంలో ‘బ’ చెక్కుచెదరలేదు, పటాలంలో ‘ప’ అయింది. తెలుగుకు రెండక్షరాలూ ఉన్నాయి కాబట్టి నేరుగా వచ్చి ఉంటే ‘బటాలం’ కావలసింది. ప, బ రెంటికీ ఒకే అక్షరం వాడే అరవం మీదుగా వచ్చిందనడానికి ఇది గట్టి గుర్తు. వాళ్లది ‘పట్టాళం’. అరవంలో అచ్చుల నడుమ ఒంటి టకారం ‘డ’గా పలుకుతుంది, అందుకని వాళ్లు ద్విత్వం రాశారు. మనకా ఇబ్బంది లేదు కాబట్టి ఒత్తు వదిలేశాం, ళను ల చేసుకున్నాం. పోర్చుగీసుల నోటి నుంచా, ఫ్రెంచివాళ్ల నుంచా, ఇంగ్లీషువాళ్ల నుంచా అంటే నేను మొదటివైపే మొగ్గుతాను గానీ ప్రమాణం చేయను. చెన్నపట్నం దారిన వచ్చిందన్నదాంట్లో మాత్రం నాకు అనుమానం లేదు. చెన్నపట్నం మీదికి ఫ్రెంచివాళ్లు వచ్చిన 1758లోనే అక్కడి విడివిడి సిపాయి కంపెనీలను కలిపి పటాలాలు కట్టారు. మద్రాస్ రెజిమెంటు తన పుట్టుక లెక్కపెట్టుకునేది ఆ ఏటి నుంచే.

పల్టన్ ఉత్తరాది రూపం. అది బెటాలియన్ వికృతి అని కొందరు, ప్లటూన్ వికృతి అని కొందరు. ప్లటూన్‌కు మూలమైన ఫ్రెంచి మాటకు చిన్న ఉండ అని అర్థం. పుట్టుక ఏదైనా సైన్యంలో పల్టన్ అంటే బెటాలియనే. ఇది తెలియక ‘మా పల్టన్’ను ‘మా ప్లటూన్’ అని తెనిగించే విలేకరులు ఎనిమిది వందల మందిని ఒక్క కలంపోటుతో ముప్ఫై చిల్లరకు దించేస్తున్నారు.

ఇక మాజీ. ‘గతించిన’ అని దీని అరబ్బీ అర్థం. ‘మాజీ సైనికుడు’ సరే. ఆయన కొలువు గతించింది, ఆయన కాదు. ‘మాజీ పటాలం’ అంటే మాత్రం పటాలమే గతించిందని, రద్దయిపోయిందని. మీ నాన్నగారి కోపం వ్యాకరణసమ్మతమైన కోపం.

ఆ కోపానికి ఇంకో మూలముంది. తెలుగుకు పాతమాట దండు. దండెత్తాం, దండు విడిసింది అంటాం. దండుకు పేరుండదు, అంకె ఉండదు, పని తీరాక ఎక్కడివాళ్లక్కడికి పోతారు. మన నెల్లూరిసీమ కథల్లో ఖడ్గతిక్కన వెన్నిచ్చి ఇంటికొస్తే మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద పెట్టి స్నానానికి నీళ్లు తోడింది ఇల్లాలు. పరువు లెక్క వంశానిది, ఇంటిది, దండుది కాదు. పటాలం వచ్చాక కొత్త సంగతి మొదలైంది. మనుషులు మారిపోతుంటారు, అంకె మారదు. 1971 డిసెంబరు యుద్ధంలో పశ్చిమాన బసంతర్ నది దగ్గర పోరాడినవాళ్లలో 16 మద్రాస్, అంటే మద్రాస్ రెజిమెంటు పదహారో పటాలం, ఉంది. ఆనాటి జవాన్లు ఎవరూ ఇప్పుడు కొలువులో లేరు, 16 మద్రాస్ మాత్రం ఉంది. పాతికేళ్ల కుర్రాడు ఈ రోజు అదే అంకె చెప్పుకుంటాడు. యుద్ధం నడిచింది రెండు వారాలే అయినా యాభై ఏళ్ల తరువాత ఆ అంకె పలికేటప్పుడు గొంతు మారుతుంది.

ఇలాంటివాళ్ల మాట తీరు గమనించండి. ‘నేను పదహారో మద్రాసువాణ్ని’ అంటారు, ‘ఉండేవాణ్ని’ అనరు. తెలుగులో క్రియ లేని వాక్యానికి కాలం లేదు, ఆ వెసులుబాటును వాళ్లు ఎవరూ నేర్పకుండానే వాడుకుంటారు. ఇంట్లో మీతో అనేటప్పుడు ‘మా పటాలం’. అదే పటాలపు మనిషి ఎదురైతే ‘మన పటాలం’. మీకు ఎంత ప్రేమ ఉన్నా ఆ ‘మన’లోకి చోటు దొరకదు. ఇంగ్లీషులో ఈ తేడా చూపించే సర్వనామమే లేదు. ఇంత పదునైన పనిముట్టు చేతిలో ఉండగా దాన్ని పక్కనపెట్టి ‘ఆత్మీయ కలయిక’ అని రాయడమేమిటి! ఆత్మీయం కానిదైతే ఎవరొస్తారు?

మీరడిగిన తెలుగు మాటలు. బెటాలియన్‌కు పటాలం. రెజిమెంటును రెజిమెంటుగానే ఉంచండి. మన పదాతి సైన్యంలో రెజిమెంటు యుద్ధానికి కదిలే జట్టు కాదు, పటాలాలన్నిటికీ ఇంటిపేరు. శిక్షణ కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంటుంది, పటాలాలు దేశమంతా ఉంటాయి. కాబట్టి పత్రికల్లో వచ్చే ‘16వ మద్రాస్ రెజిమెంట్’ తప్పు, పదహారు మద్రాస్ రెజిమెంట్లు ఉన్నాయన్న అర్థమొస్తుంది. ‘మద్రాస్ రెజిమెంట్ 16వ పటాలం’ అనండి, లేదా వాళ్లలాగే ‘16 మద్రాస్’ అనండి. కంపెనీ, ప్లటూన్, సెక్షన్ అలాగే ఉంటాయి. దళం అనే మాట అన్నిటికీ వాడి వాడి అరగదీశారు, ఇక దేనికీ పనికిరాదు.

బెటాలియన్‌ను ‘వాహిని’ అనాలని ఒకరిద్దరు పట్టుబడుతుంటారు. లెక్క చూస్తే తమాషాగా ఉంటుంది. పురాణాల సేనల లెక్కలో అన్నిటికన్నా చిన్న జట్టు పేరు ‘పత్తి’. దానికి ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం. మూడేసి రెట్లు నాలుగుసార్లు పెంచితే వాహిని: 81 రథాలు, 81 ఏనుగులు, 243 గుర్రాలు, 405 మంది. అన్నీ కూడితే 810. బెటాలియన్ బలం కూడా రమారమి అంతే. కాకపోతే 80 ఏనుగులు తక్కువపడతాయి. మద్రాస్ రెజిమెంటుకున్నది ఒక్కటే, అదీ టోపీ మీది చిహ్నంలో. 1803 అస్సాయి యుద్ధానికి దక్కిన గుర్తది.

చుట్టాలు గుంపుగా దిగితే ‘పటాలం దిగింది’ అనడం వాడుకలో ఉన్నదే, తప్పు పట్టను. మీ నాన్నగారి ముందు మాత్రం అనకండి.

ఆహ్వానపత్రికలో మాజీని మనిషి పక్కన పెట్టండి: ‘మద్రాస్ రెజిమెంట్ ఫలానా పటాలపు మాజీ సైనికుల కలయిక’. ‘పటాలపు’ పాతగా తోస్తే ‘పటాలం మాజీ సైనికులు’ అన్నా నడుస్తుంది, కానీ విడగొట్టి చదివితే మాజీ మళ్లీ పటాలానికే అంటుకునే ప్రమాదముంది. పిలిచేది ఆ పటాలంవాళ్లనే కాబట్టి అసలు మాజీ లేకుండా ‘మన పటాలం కలుస్తోంది’ అని వేస్తే నాకు ఇంకా ఇష్టం. అయితే కింద సంతకం మీది కాకుండా మీ నాన్నగారిది ఉండాలి.