పొలం పక్కన గ్యాస్ బావి తవ్వితే రైతుకు రాయల్టీ వస్తుందా?

అమెరికాలో పెన్సిల్వేనియాలోని బంధువుకు షేల్ గ్యాస్ (షేల్ అనే పలకరాతి పొరల్లో చిక్కుకున్న సహజవాయువు) మీద రాయల్టీ, అంటే తీసిన గ్యాస్ విలువలో వాటా, వస్తున్నప్పుడు, ఒంగోలు దగ్గర మా పొలం పక్కన బావి తవ్వితే మాకూ రాదా అని ఒకరు అడిగారు. రాదు. అమెరికాలో భూగర్భ ఖనిజ హక్కు చాలాచోట్ల ప్రైవేటు వ్యక్తులదే కనుక రాయల్టీ వాళ్లకే వస్తుంది; అందుకే అడ్డంగా మైలుకు పైగా సాగే బావి తమ నేల కింద ఎంత మేర వెళ్లిందో, నెలనెలా ఎంత గ్యాస్ తీస్తున్నదో అక్కడి యజమానులు గమనిస్తూ ఉంటారు. అయితే షేల్ బావి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది కాబట్టి తొలి చెక్కును నమ్ముకొని అప్పు చేయడం తెలివైన పని కాదు. మన దగ్గర (సముద్రంలో కాక) నేల మీద తవ్విన బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. రైతుకు దక్కేది వాడుకున్న భూమికీ, పంట నష్టానికీ పరిహారం మాత్రమే. పైపులైను వేస్తే 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం నష్టపరిహారంతో పాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు, అభ్యంతరాలను నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లోగా తెలపాలి. తవ్వకానికి ముందే బోరు నీటిని పరీక్ష చేయించి ఆ నివేదికను దాచుకోండి. ఫ్లోరైడ్ బాధ ఎప్పటినుంచో ఉన్న ప్రకాశం జిల్లాలో, నీళ్లు చెడిపోయాక కారణం తేల్చడం చాలా కష్టం.