ఎండలో గుర్రంతో పరుగు: మనిషి గెలిచేది ఎప్పుడు?

దూరపు పరుగులో మనిషి గుర్రాన్ని నిజంగా ఓడించగలడా, లేక అది కట్టుకథేనా అని మీరు అడిగారు. ఓడించగలడు. అయితే దూరం ఒక్కటే చాలదు, ఎండ కూడా కలిసిరావాలి. ఈ సంగతి నాకు విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే రోడ్డు మీద తెలిసింది.

1990లలో సైన్యంలో భర్తీ కోసం నేను రోజూ ఆ దారిలో పరుగెత్తేవాణ్ణి. మా మామయ్యకు జట్కా ఉండేది. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున ఆ బండి వెంట బయలుదేరితే, రెండు కిలోమీటర్లు దాటకముందే లాడాల చప్పుడు కూడా నాకు అందేది కాదు. అదే మే నెలలో ఒకనాడు, పది గంటల ఎండలో తిరిగి వస్తూ, చింతచెట్టు కింద ఆగిన ఆ బండిని నేను దాటాను. గుర్రం ఛాతీ పట్టీ కింద చెమట సబ్బు నురగలా తెల్లగా పేరుకుని ఉంది, డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగసిపడుతున్నాయి, మామయ్య బకెట్టుతో దాని మెడ మీద నీళ్లు పోస్తున్నాడు.

ఆ నురగకు కారణం గుర్రం చెమటలో ఉండే లాథరిన్ అనే ప్రోటీన్. జిడ్డుగా ఉండే వెంట్రుకల మీదుగా చెమట పాకి ఆరిపోవడానికి అది తోడ్పడుతుంది. అంటే చెమట పట్టి ఒళ్లు చల్లబరచుకోవడంలో గుర్రం తక్కువదేమీ కాదు. చిక్కంతా దాని ఒంటితోనే. నాలుగైదు వందల కిలోల శరీరం పుట్టించే వేడి చాలా ఎక్కువ, బరువుతో పోల్చి చూస్తే ఆ వేడి బయటకు పోవలసిన చర్మం తక్కువ. వెంట్రుకలు పలచగా ఉండి, బరువుకు మించిన చర్మం ఉన్న మనిషికి ఎండలో ఇదే కలిసివస్తుంది. చలిరోజున ఈ తేడా లెక్కలోకే రాదు.

వేల్స్‌లోని లాన్‌వర్టిడ్ వెల్స్ అనే చిన్న ఊళ్లో 1980 నుంచి మనుషులకూ, రౌతులెక్కిన గుర్రాలకూ సుమారు 35 కిలోమీటర్ల కొండదారి పోటీ జరుగుతోంది. 2004లో హ్యూ లాబ్ 2 గంటల 5 నిమిషాల 19 సెకన్లలో గెలిచేదాకా అక్కడ కాలిపరుగుతో గుర్రాలన్నిటినీ ఓడించినవారు లేరు; ఆ తరువాత 2007, 2022, 2023లలోనూ మనుషులు గెలిచారు. దూరం పెరిగినకొద్దీ మనిషిదే పైచేయి అనుకోవడం కూడా పొరపాటే. 1974లో గోర్డీ ఐన్స్‌లీ కాలిఫోర్నియాలోని టెవిస్ కప్ అనే 100 మైళ్ల గుర్రపు పోటీ దారిని కాలిపరుగుతో 23 గంటల 42 నిమిషాల్లో, అంటే 24 గంటల గడువులోపలే పూర్తిచేశాడు కానీ, ముందు వరుస గుర్రాలు ఆయన కంటే ఎంతో ముందే గమ్యం చేరాయి.

ఇలాంటి పోటీల్లో దారి మధ్య పశువైద్యులు గుర్రాన్ని ఆపి గుండె వేగం చూస్తారు, అది తగినంత దిగాకే ముందుకు పోనిస్తారు. ఈ నియమం ఎందుకో ఆ చింతచెట్టు కింద చూసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు: మామయ్య పగ్గం లాగకపోతే అది ఇంకా పరుగెత్తేదే.

ఆనాడు ఇంటికొచ్చి గుర్రాన్ని ఓడించానని గొప్పగా చెప్పుకున్నాను. మామయ్య ఉలవలు నానబెడుతూనే, "బండి నువ్వు లాగలేదు కదరా అల్లుడూ" అన్నాడు.